ఇదీ ఒక ఎండేనా?

మా కనకరాజు మావయ్య ఎండని ఎండగా ఒప్పుకోడు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఇదొక్కటే. ఇది పక్కన పెడితే బంగారంలాంటి మనిషి. కానీ మే నెలలో దీన్ని పక్కన పెట్టడం ఎలాగో మా వాళ్ళెవరికీ తెలీదు.

"అబ్బ, ఎండ మాడ్చేస్తోందండీ" అని ఆయనకి వినపడేంత దూరంలో ఎవరన్నా అన్నారా, అయిపోయారే. చేతిలో పని వదిలేసి మరీ వస్తాడు.

"ఇదీ ఒక ఎండేనా అండీ? కువైట్‌లో చూడాలి ఎండంటే. పైపు ముట్టుకుంటే అరచేతిలో గీతలు పైపుకి అంటుకుపోయేవి. ఆ తరవాత జాతకం పైపుకే చెప్పించుకోవాలి. మిట్టమధ్యాన్నం మన నీడ కూడా భయపడి బూట్ల కింద దూరేది. ఇది ఎండ కాదండి, వెన్నెల. కాస్త వెచ్చబడింది, అంతే."

పందొమ్మిదేళ్ళు కువైట్‌లో పైపులైను పని చేసి, నాలుగేళ్ళ కిందట వచ్చేశాడు మావయ్య. అందరూ అక్కణ్ణుంచి సెంట్లూ, ఖర్జూరాలూ తెచ్చుకుంటే ఈయన ఎండని తెచ్చుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు అదే తీసి చూపిస్తాడు.

దీనికి మా సత్యదుర్గ అత్త దగ్గర ఒకటే జవాబు.

"ఫోన్లో నాకు చెప్పింది వేరండి. 'ఇక్కడంతా ఏసీయే సత్యా, దుప్పటి కప్పుకుని కూర్చున్నాను' అనేవారు. ఏసీలో పని చేసిన మనిషికి ఇంత ఎండ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ నరసింహస్వామికే తెలియాలి."

అప్పుడు మావయ్యకి పశువులకి కుడితి పెట్టాలని గుర్తొచ్చి లేచిపోతాడు. వాళ్ళింట్లో పశువుల్లేవు.

నేను సైన్సు మేష్టారిని. వాళ్ళింటికి నాలుగిళ్ళ అవతల ఉంటాను. ఎండ గురించి, చర్మం గురించి నాలుగు ముక్కలు చెబుదామని ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను కూడా. "నీ సైన్సు బ్లాక్‌బోర్డు మీదే బాగుంటుందిరా మురళీ, బయటికి తియ్యకు, ఎండకి వెలిసిపోతుంది" అన్నాడు. అంటే ఎండ ఉన్నట్టే కదా మావయ్యా అని పట్టుకున్నాను. కుడితి గుర్తొచ్చింది.

మా ఊరి నుంచి నరసాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటాలి. ఒకరోజు మిట్టమధ్యాన్నం మావయ్యా నేనూ రేవుకి వెళ్ళేసరికి పంటు అవతలి ఒడ్డున ఆగిపోయింది. ఇవతల రేకుల షెడ్డు ఉంది, నీడ ఉంది. కానీ బండి వదిలి వెళ్తే వరస పోతుంది. పిల్లల్ని ఎక్కించుకున్నవాళ్ళూ ముసలివాళ్ళూ అందరూ బళ్ళ మీదే మాడుతున్నారు. మావయ్య చూసి చూసి అరిచాడు.

"ఇదీ ఒక ఎండేనా? తాళాలు ఇచ్చి పొండర్రా ఆ షెడ్డులోకి! వెన్నెల్లో నిలబడ్డానికి నేనొక్కణ్ణి చాలు."

పదకొండు బళ్ళ తాళాలు వేళ్ళకి తగిలించుకుని, గంటంబావు అక్కడే నిలబడి, దారిన పోయే ప్రతివాడికీ కువైట్ గురించి చెప్పాడు. పంటు వచ్చాక ఆ బళ్ళన్నీ ఒక్కొక్కటే తోసి ఎక్కించాడు. "ఈయన గొప్పలకి జనం సరిపోక ఎండ కూడా కావలిసొచ్చింది" అని నేను షెడ్డులో అందరితోటీ చెప్పి నవ్వించాను. షెడ్డులో నీడ చల్లగా ఉంది మరి, నవ్వడానికేం.

ఇక గొడుగు సంగతి. అత్త మూడు వేసవుల్లో మూడు గొడుగులు కొంది. మావయ్య మూడూ పారేసుకున్నాడు. "ఒకటి పంటులో, ఒకటి బస్సులో మర్చిపోయేను సత్యా" అన్నాడు. మూడోదానికి అత్త పిడి మీద ఎర్రదారం గట్టిగా చుట్టి మరీ ఇచ్చింది. అది ఎక్కడ పోయిందో కూడా చెప్పలేకపోయాడు. "అయినా గొడుగు వానకి. ఎండకి గొడుగు పట్టుకుంటే మన పరువేం కావాలి?" అన్నాడు.

మా కోనసీమలో నీడకి కరువు లేదు, ఎండకే కరువు. ఎటు చూసినా కొబ్బరిచెట్లే. వడియాలు పెట్టుకోవాలంటే ఎండని వెతుక్కుంటూ పోవాలి. మా వీధిలో ఏ చెట్టు నీడా పడని చోటు మావయ్య డాబా ఒక్కటే. అందుకని పక్కింటి పార్వతమ్మ గారి వడియాలన్నీ ఆ డాబా మీదే ఎండుతాయి. ఆవిడది చిన్న పెంకుటిల్లు. భర్త పోయిన దగ్గర్నుంచి అప్పడాలూ వడియాలూ పెట్టుకునే బతుకుతున్నారు.

ఈ వేసవిలో అమలాపురం కేటరింగ్ ఆయన ఒక పెళ్ళికి పాతిక కిలోల వడియాలు చెప్పాడు. అంత పెద్ద ఆర్డరు ఆవిడకి ఇదే మొదలు. ఇవి నచ్చితే ఆయన చేసే పెళ్ళిళ్ళన్నిటికీ ఆవిడ వడియాలే. నచ్చకపోయినా, మబ్బు పట్టేలోగా అందకపోయినా, మళ్ళీ వీధిలో తలో పావుకిలో అమ్ముకోవడమే.

మొదటి వాయి పెట్టిన రోజునే పదకొండింటివేళ కాకుల్ని తోలుతూ ఆవిడ డాబా మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడిపోయారు. మా ఊరి ఆర్ఎంపీ గంగబాబు గారు వచ్చి బీపీ చూసి, ఎండలో ఉండకూడదన్నారు. మంచినీళ్ళు తాగించి అందరం ఓదారుస్తుంటే మావయ్య కసిరేశాడు.

"ఇదీ ఒక ఎండేనా అక్కగారూ? ఈ వెన్నెలకే పడిపోతే ఎలాగండి? తెల్లారగట్ల పెట్టేసి దిగిపొండి. కాకుల్ని నేను చూసుకుంటాను. ఎనిమిది దాటేక మీరు నా డాబా మీద కనపడితే తాళం వేసేస్తాను, ఆయ్!"

నాకు ఒళ్ళు మండిపోయింది. పడిపోయిన మనిషిని పట్టుకుని ఆ మాటలేమిటి? "మీ కువైట్ గొప్పలకి సమయం సందర్భం ఉండక్కర్లేదా మావయ్యా?" అనేశాను. ఆయన వినిపించుకోలేదు. అప్పటికే కర్ర పట్టుకుని డాబా ఎక్కేశాడు.

వారం తిరిగేసరికి శనివారం వచ్చింది. అత్తని బండి మీద అంతర్వేది తీసుకెళ్ళాను. స్వామి దర్శనం, ప్రసాదం అన్నీ అయి తిరిగొచ్చేసరికి నాలుగయింది. మావయ్య వరండాలో నవారు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. వీపు చూసి అత్త చేతిలో ప్రసాదం నా చేతిలో పెట్టేసింది.

మెడ కింద నుంచి నడుం దాకా ఉడికించిన రొయ్యలా ఉంది. భుజాల మీద పొక్కులు. కుడి భుజం నుంచి కిందికి తువాలు వేలాడినంత మేర మాత్రం ఒక పట్టీ మామూలు రంగులో మిగిలింది.

"ఏమైందండీ ఇది?"

"ఎలర్జీ. రొయ్యలు పడలేదు."

"ఇవాళ శనివారం. మనింట్లో శనివారం నీచు పొయ్యెక్కదు."

"నిన్నటివి."

"నిన్న బీరకాయ."

"ఆ బీరకాయలో ఏదో తేడా ఉంది. నేనప్పుడే అనుకున్నాను."

అసలు జరిగింది చెప్పడానికి సాక్షులు అక్కర్లేదు. మంచం కింద కొబ్బరినూనె గిన్నె ఉంది. శనివారం తలంటు కదా, మావయ్య ఒళ్ళంతా నూనె పట్టించుకున్నాడు. ఇంతలో డాబా మీద కాకుల గోల. కర్ర పట్టుకుని ఎక్కాడు. రెండు నిమిషాల్లో వద్దామనుకున్నాడు గాని, కాకులు ఆయన అనుకున్నట్టు అనుకోలేదు. పది నుంచి మూడింటిదాకా వీపు ఎండకి పెట్టి కూర్చున్నాడు. కొబ్బరినూనె ఉండగా ఎండేం చేస్తుందిలే అన్న ధీమా మా కోనసీమ వాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాదు. నూనె ఆయనది, మంట సూర్యుడిది, వేపుడికి ఇంకేం కావాలి?

గంగబాబు గారు వచ్చారు.

"ఎండకి కాలిపోయిందండి" అన్నారు.

"కాదండి, ఎలర్జీ."

"సరేనండి, ఎలర్జీయే. ఈ ఎలర్జీ ఎండలో కూర్చుంటే వస్తుందండి."

వీధివాళ్ళు అప్పటికే తలో వైద్యం పట్టుకొచ్చారు. ఒకరి చేతిలో టూత్‌పేస్టు, ఒకరి చేతిలో ఐసుగడ్డ. నూనె మళ్ళీ రాస్తే తగ్గుతుందని ఒకరు. అత్త పుల్లమజ్జిగలో గుడ్డ తడుపుతోంది, దానికోసం పిల్లి మంచం చుట్టూ తిరుగుతోంది. గంగబాబు గారు అందరినీ ఆపారు.

"పేస్టు వద్దు, ఐసు పెట్టొద్దు, పొక్కులు చిదపొద్దు. చన్నీళ్ళలో మెత్తటి గుడ్డ తడిపి పరుస్తూ ఉండండి. మజ్జిగ వీపుకి కాదండి, నోటికి. నీళ్ళు బాగా తాగాలి. పొక్కులు లేనిచోట కలబంద గుజ్జు రాయొచ్చు. జ్వరం వస్తే బిళ్ళ ఇస్తున్నాను. పొక్కులు పెద్దవైనా, చలీ వాంతులూ వచ్చినా ఆలస్యం చెయ్యకుండా రాజోలు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నూనె మాత్రం రాయకూడదండి, వేడి లోపలే ఉండిపోతుంది."

ఆ చివరి మాటకి మావయ్య తల ఎత్తాడు. "కోనసీమలో కూర్చుని కొబ్బరినూనె వద్దంటారా? మీరు అసలు ఈ ఊరివారేనా అండీ?"

అందరూ వెళ్ళాక అత్త పెరట్లోంచి రెండు కలబంద మట్టలు కోసుకొచ్చి, పళ్ళెంలో పెట్టుకుని, మంచం పక్కన పీట వేసుకు కూర్చుంది.

"ముందు ఎండే అని ఒప్పుకోండి."

"ఒప్పుకోను."

"చన్నీళ్ళ గుడ్డ వేస్తాను, అది డాక్టరు గారి మాట. కలబంద మొక్క మాత్రం నాది. ఒక్కసారి 'ఎండే సత్యా' అనండి, రాస్తాను."

"ప్రాణం పోయినా అనను."

నేను అత్త వైపే. పందొమ్మిదేళ్ళ ఏసీ అబద్ధానికీ, నాలుగేళ్ళ కువైట్ సుత్తికీ ఇన్నాళ్ళకి లెక్క తేలే రోజు వచ్చిందని సంతోషించాను కూడా. "అనేయండి మావయ్యా, రెండు ముక్కలేగా" అన్నాను. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు బిగబట్టి ఉన్నాడు, ఆ రెండు ముక్కలూ మాత్రం నోట్లోంచి రాలేదు. ఇంత మొండితనం ఎందుకో నాకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్న పార్వతమ్మ గారు వచ్చారు. చేతిలో నల్లగొడుగు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా వడియాలకి కాపలా కూర్చునే కదా మీకు ఇలాగయ్యింది, రాజుగారూ. నాకోసం మీరు కాలిపోతే ఆ అన్నం నాకెలా దిగుతుందండి? ఇవాళ్టి నుంచి నేనే కూర్చుంటాను. పడితే పడతాను. లేదంటే ఆ ఆర్డరు వద్దని ఫోన్ చేసేస్తాను."

మావయ్య ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. అలా లేవడం ఎంత కష్టమో ఆయన ముక్కుపుటాలే చెప్పాయి.

"ఎండకెవరు కాలిపోయేరండీ? ఇదీ ఒక ఎండేనా? ఎలర్జీ అక్కగారూ! బీరకాయ! కావాలంటే చూడండి" అని, కుడిచేత్తో ఎడమ భుజం మీద ఫెళ్ళున చరుచుకున్నాడు. "చూసేరా? నొప్పేమన్నా ఉందా?"

కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి.

"మరి ఆ నీళ్ళేమిటండీ?" అన్నారు పార్వతమ్మ గారు.

"బీరకాయవే" అన్నాడు మావయ్య.

ఆవిడ నమ్మారో లేదో గాని, ఫోన్ చెయ్యనని మాట ఇచ్చే దాకా మావయ్య వదల్లేదు. ఆవిడ గొడుగు గుమ్మం పక్కన ఆనించి వెళ్ళిపోయారు. "పోయిన వేసవిలో ఇచ్చేరండి, తిరిగివ్వడం మర్చిపోయేను" అన్నారు వెళ్తూ వెళ్తూ. అత్త ఆ గొడుగు తీసి చూసింది. పిడి మీద ఎర్రదారం. మళ్ళీ ఎక్కడ ఉందో అక్కడే పెట్టింది.

ఆ మధ్యాన్నం కాట్రేనికోన నుంచి విజయ్ కుమార్ అని ఒకతను వచ్చాడు. కువైట్‌లో మావయ్యతో కలిసి పని చేసినవాడు, సెలవు మీద వచ్చి పలకరించిపోదామని ఖర్జూరాల డబ్బా పట్టుకొచ్చాడు. మావయ్య మందు బిళ్ళ వేసుకుని అప్పుడే కునుకులో పడ్డాడు. వీపు చూసి అతను కంగారు పడితే నేను వెటకారంగా చెప్పాను, "మీ కువైట్ ఎండ ముందు మా ఎండ వెన్నెలటండి. ఆ వెన్నెల దెబ్బ ఇది" అని.

విజయ్ కుమార్ తెల్లబోయాడు.

"కువైట్ ఎండ గొప్పదన్నారా ఈయన? అక్కడ తిరగేసి చెప్పేవారండి! 'ఇదీ ఒక ఎండేనా? మా సఖినేటిపల్లి రేవులో మే నెల ఎండ చూసేవా? దాని ముందు ఇది వెన్నెలరా' అనేవారు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ అదే పాటండి. మొదటిరోజు నేను ఎండకి తట్టుకోలేక కూర్చుని ఏడ్చేసేను. 'కాట్రేనికోనవాడివి, ఈ వెన్నెలకి ఏడుస్తావా?' అని కసిరి, నన్ను లారీ నీడలో కూర్చోబెట్టి, నా వంతు పైపులు కూడా ఆయనే ఎత్తేరు. ఆ తిట్టుకి పౌరుషం వచ్చి నిలబడ్డానండి. లేకపోతే వారంలో తిరిగొచ్చేసేవాణ్ణి. నేనొక్కణ్ణే కాదు, మాలో చాలామందిమి."

పిల్లి మజ్జిగ గిన్నె నాకుతున్న చప్పుడు వినపడింది.

నాకు సిగ్గేసింది. పదకొండు బళ్ళ తాళాలు గుర్తొచ్చాయి. నేను షెడ్డు నీడలో నిలబడి నవ్వించిన నవ్వులు గుర్తొచ్చాయి. నాలుగేళ్ళుగా ఆ మాట వినీ వినీ విసుగెత్తిపోయాను గాని, అది అన్న ప్రతిసారీ ఈయన ఎవరో ఒకరిని నీడలోకి తోసి తాను ఎండలో నిలబడ్డాడని, సైన్సు మేష్టారినయ్యుండీ ఒక్కసారి గమనించలేదు. ఇప్పుడు ఎండే అని ఒప్పుకుంటే ఏమవుతుంది? పార్వతమ్మ గారు కర్ర పట్టుకుని డాబా ఎక్కుతారు. అందుకే ఆ రెండు ముక్కలూ ప్రాణం పోయినా అననన్నాడు.

విజయ్ కుమార్ మాటల చప్పుడుకి మెలకువ వచ్చి మావయ్య కళ్ళు తెరిచాడు. అతన్ని చూసి ముందు సంతోషించాడు, తరవాత మా మొహాలు చూసి అనుమానపడ్డాడు. "ఏం వాగేవురా?" అన్నాడు.

అత్త కలబంద పళ్ళెం దగ్గరకి లాక్కుంది. మట్ట చీల్చి, గుజ్జు తీసి, పొక్కులకి తగలకుండా నెమ్మదిగా రాయడం మొదలెట్టింది.

"నేనేం ఒప్పుకోలేదు" అన్నాడు మావయ్య, భయంగా.

"ఎవరు ఒప్పుకోమన్నారండీ? ఎలర్జీకి కలబంద మంచిదట. కదలకండి."

మావయ్య కదల్లేదు. అత్త రాస్తూ రాస్తూ, ఆయన మొహం చూడకుండా అడిగింది.

"ఏసీలో కూడా వచ్చేదా అండీ ఈ ఎలర్జీ?"

మావయ్య చాలాసేపు ఆలోచించాడు.

"అప్పుడప్పుడు" అన్నాడు.

అత్త ముక్కు ఎగబీల్చి, ఇంకో మట్ట చీల్చింది.

ఆ మర్నాటి నుంచి కాకుల కాపలా నాది. బడికి ఎలాగూ సెలవులే. పొడుగుచేతుల చొక్కా, తలకి తువాలు, పక్కన చెంబుడు మజ్జిగ పెట్టుకుని కూర్చున్నాను. అయినా గంటకే ఎండంటే ఏమిటో నాకు తెలిసొచ్చింది. డాబా గచ్చు కాలుతోంది, కళ్ళ ముందు గాలి అల్లల్లాడుతోంది. కింద నుంచి పార్వతమ్మ గారి గొంతు.

"ఎండ బాగా ఎక్కిపోయినట్టుంది బాబూ. పోనీ నేనొచ్చి కాసేపు కూర్చోనా?"

"ఇదీ ఒక ఎండేనా అండీ?" అని అరిచాను.

వరండాలోంచి కేక వినపడింది. "ఒరే మురళీ! అది నా మాటరా!"

మావయ్య వీపు పొలుసులూడడం మొదలెట్టేసరికి వారం పట్టింది. పెద్దపొక్కులేవీ రాలేదు, ఆస్పత్రికి వెళ్ళే అవసరం పడలేదు. వడియాల సంగతంటారా, కేటరింగ్ ఆయన ముందు పంపిన వాటిలో నాలుగు వేయించి చూసుకుని, శ్రావణమాసం పెళ్ళిళ్ళకి కూడా ఇప్పుడే చెప్పేశాడు. పార్వతమ్మ గారు ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు మావయ్య, "శ్రావణంలో ఎండేం ఉంటుందండీ, అసలే మనకి ఎండ తక్కువ" అన్నాడు.

ఆఖరి వాయి ఎండుతున్న రోజు నేను డాబా మీద కూర్చుని ఉన్నాను. పన్నెండయ్యుంటుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు. చూద్దును కదా, మావయ్య! చొక్కా గుచ్చుకుంటోందని అత్త పాత నేతచీర ఒంటికి చుట్టుకున్నాడు. చేతిలో ఎర్రదారం గొడుగు. నా పక్కకి వచ్చి, ఠప్పున తెరిచి, నా నెత్తిన పట్టాడు.

నేను నోరు తెరిచాను. నాలుగేళ్ళు ఎదురు చూసిన ఘడియ.

"గొడుగా మావయ్యా!"

"ఎండకి కాదురా" అన్నాడు కనుబొమలు ముడిచి. "కాకులకి. రెట్ట వేస్తాయి."

ఆకాశం అంతా చూశాను. ఎక్కడా ఒక్క కాకి లేదు. గొడుగు నీడ ముప్పాతిక వంతు నా మీదే పడుతోంది. కొంచెం ఆయన వైపు జరిగి కూర్చున్నాను.

"ఆయ్, కాకులకే" అన్నాను.